పులితోలు మీద చెప్పలేనిది

పాడేరు కచేరీలో నేను ట్రాన్స్‌లేటరుగా ఉన్న రోజుల్లో నా బల్ల పక్కన ఒక రేకుపెట్టె ఉండేది. అందులో సర్కారువారి పులితోలు ఉండేది. కొండజాతి సాక్షి ఎవరొచ్చినా ఆ తోలు నేల మీద పరిచి, దాని మీద చెయ్యి పెట్టించి, అబద్ధం చెబితే పులి నన్ను తినాలి అనిపించడం నా ఉద్యోగంలో ఒక భాగం. తోలుకి తోక లేదు. ఒక చెవి చిమ్మటలకు పోయింది. ఏడాదికి రెండుసార్లు దాన్ని ఎండలో వేసి బెత్తంతో కొట్టేవాణ్ణి. బి.ఏ.లో నేను చదివిన తర్కశాస్త్రానికి మన్యంలో దొరికిన ఉపయోగం అదే.

అయినా ఒక సంగతి గమనించకపోలేదు. పట్నం కోర్టుల్లో పుస్తకం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకముందే అబద్ధం మొదలుపెట్టే పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను. ఈ చిరిగిన తోలు ముందుకు వచ్చేసరికి మాత్రం కొండవాళ్ల గొంతు సన్నబడేది. కొందరు దాన్ని చూడగానే, కేసు అక్కర్లేదు బాబూ అని లేచి ఊరికి పోయేవారు. ఇది భయం, అది నాగరికత అని నేను తేల్చేసుకుని, పెట్టె మూసి, నా పని చూసుకునేవాణ్ణి.

ఇది పంతొమ్మిదివందల ఇరవైల నడిమి సంవత్సరాల మాట. అప్పటికే నేను ఫ్రీమేసన్‌ని, అంటే దొరలు తెచ్చిన ఒక రహస్య సంఘంలో సభ్యుణ్ణి. మా లాడ్జి సముద్రం ఒడ్డున పట్నంలో ఉండేది. లాడ్జి అంటే ఇప్పటివాళ్లు రాత్రికి గది దొరికే చోటు అనుకుంటారు. మాది అది కాదు. కిటికీలు ఎప్పుడూ మూసి ఉండే పాత బంగళా. ఊళ్లోవాళ్లు దాన్ని తలకాయల బంగళా అనేవారు. కొత్తగా చేరినవాడి తల కోసి, మళ్లీ అతికించి పంపుతారని వాడుక. నన్ను చేర్చుకునే ముందు ఇద్దరు సభ్యులు ఇంటికి వచ్చి, ఇంట్లో అభ్యంతరం ఏమైనా ఉందా అని నా భార్యను అడిగారు. ఆవిడ కాసేపు ఆలోచించి, అభ్యంతరం ఏమీ లేదనీ, అతికించేటప్పుడు ముఖం ముందువైపుకే ఉండేలా చూడమనీ చెప్పింది.

లోపలి గుర్తులూ మాటలూ ఎవరికీ చెప్పనని ప్రమాణం చేశాను కాబట్టి ఇక్కడ రాయను. నిజం చెప్పాలంటే సగం మరిచిపోయాను. బయటికి తెలిసినవి మాత్రం చెబుతాను. అదంతా తాపీవాళ్ల వృత్తిని నీతిపాఠంగా మార్చుకున్న వ్యవహారం. మూలమట్టం చూపించి నడవడి తిన్నగా ఉండాలంటారు. రసమట్టం చూపించి మనుషులంతా ఒక్క మట్టమే అంటారు. చేతులకు తెల్లని తొడుగులు, నడుముకు గొర్రెపిల్ల తోలుతో చేసిన తెల్లటి ఏప్రాను. దొరలూ మనవాళ్లూ ఒకే వరసలో కుర్చీల మీద కూర్చుంటారు. బయట రోడ్డు మీద నన్ను చూడకుండా పోయే దొర, లోపల నన్ను బ్రదర్ అనేవాడు. మళ్లీ రోడ్డు మీదికి రాగానే చూపు పోయేది పాపం.

చేరమని ఎవరూ ఎవర్నీ పిలవరు. మనమే అడగాలి. అడిగినవాణ్ణి ఇంటికి వెళ్లి విచారించాలి. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. సృష్టికర్త ఒకడున్నాడని నమ్ముతావా? ఏ మతమైనా ఫరవాలేదు, నమ్మకం ఉండాలి. అందుకే పీఠం మీద మూడు పుస్తకాలు ఉండేవి, బైబిలు, గీత, ఖురాను. ఎవరి పుస్తకం మీద వాళ్లు ప్రమాణం చేస్తారు. నన్ను అడిగినప్పుడు, పేరు పిలిస్తే బడిపిల్లవాడు హాజరు పలికినంత తొందరగా, నమ్ముతాను అన్నాను. అంతకు నాలుగేళ్ల ముందు కాలేజీలో దేవుడు లేడని వాదించి నెగ్గాను. ఆ తరవాత ఆ తీర్పు మీద అప్పీలుకి ఎవరూ వెళ్లలేదు. కాని మన్యంలో సాయంత్రాలు చాలా పొడుగు. మూడు నెలలకు ఒకసారి ఘాట్ దిగి మాడుగుల, అక్కణ్ణించి బండి మీద అనకాపల్లి, అక్కడ రైలు, చివర్న నలుగురు చదువుకున్నవాళ్ల మధ్య భోజనం. అంతటి భోజనానికి అడ్డం వచ్చేంత పెద్ద విషయంగా నాకు దేవుడు కనిపించలేదు. గీత మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది, అంతే.

మా కచేరీ కింద ఉన్న ముఠాదార్లలో ఒకాయన గురించి ఇప్పుడు చెప్పాలి. ముఠా అంటే కొన్ని కొండ ఊళ్ల గుత్తి. దాని మీద తరతరాల పెత్తనం ఉన్నవాడు ముఠాదారు. ఈయనది పాడేరుకీ అరకుకీ మధ్యనున్న ముఠా. కొండదొరలనే కొండజాతి ఇంట పుట్టి, చిన్నప్పుడే మిషను బడికి వెళ్లి, పట్నంలో కాలేజీ గడప కూడా తొక్కి, తండ్రి పోతే చదువు ఆపి వెనక్కి వచ్చాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఇంగ్లీషు నాకంటే మంచిది. ఈ మాట అప్పట్లో ఒప్పుకునేవాణ్ణి కాదు.

మా పై అధికారి దొర క్యాంపుకి వచ్చినప్పుడు ముఠాదార్లను పిలిపించేవారు. దొరకు కుర్చీ, గుమాస్తాలకు స్టూళ్లు, ముఠాదార్లకు నేల. నేల మీద కూర్చోవడానికి కాదు, నిలబడడానికి. దొర ఇంగ్లీషులో అడిగేవాడు. నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఈయనకు ఇంగ్లీషులోనే అర్థమైపోయేది. అయినా నా తెలుగు పూర్తయ్యేదాకా మర్యాదగా ఆగి, తెలుగులో జవాబు చెప్పేవాడు. దాన్ని నేను ఆయన చెప్పగలిగినదానికంటే తక్కువరకం ఇంగ్లీషులోకి మార్చేవాణ్ణి. ఒకసారి నేను సగం మింగేసిన వాక్యాన్ని ఆయన తెలుగులోనే మళ్లీ నెమ్మదిగా చెప్పి, నాకు అవకాశం ఇచ్చాడు. ఆ రెండు మూడు గంటలూ ఆయన నిలబడే ఉండేవాడు. ఏ పెత్తనమూ లేని నేను స్టూలు మీద కూర్చునే ఉండేవాణ్ణి.

ఒకరోజు ఈయన నా దగ్గరికి వచ్చి, లాడ్జిలో చేరాలంటే ఎవర్ని అడగాలి అన్నాడు. ఎందుకు అన్నాను. కాలేజీ రోజుల్లో తన మేష్టరు ఒకాయన ఆ బంగళాలోకి వెళ్లడం చూశాననీ, లోపల అందరూ కూర్చుంటారని ఆయన చెప్పాడనీ అన్నాడు. అంతకు మించి కారణం చెప్పలేదు. నాకు అది చాలా చిన్న కారణంగా తోచింది. స్టూలు మీద కూర్చుని ఆలోచిస్తే అలాగే తోస్తుంది.

దరఖాస్తు వెళ్లింది. విచారణకు కొండల్లో ఉన్న సభ్యుణ్ణి కాబట్టి నన్ను వేశారు. నాకు పైన పెద్దదిక్కుగా పట్నం వకీలు పంతులుగారిని పంపారు. ఆయన చాలా మంచివాడు. మనుషులంతా ఒక్కటే అనే విషయం మీద లాడ్జిలో ఆయన ఉపన్యసిస్తే దొరలు సైతం చుట్ట ఆర్పేవారు. కాని మన్యం నీళ్లంటే భయం, మన్యం జ్వరమంటే ఇంకా భయం, పరాయి వంటంటే అన్నిటికంటే భయం. అందుకని వంటమనిషి, కుంపటి, రెండు కూజాల పట్నం నీళ్లు, క్వినైను సీసాతో డోలీలో వచ్చారు. ఏప్రాను గొర్రెతోలు కదా, లాడ్జి నుంచి ఇంటికి వెళ్లగానే ఆయన తలస్నానం చేస్తారని వాళ్ల వంటమనిషి దారిలో నాకు చెప్పాడు.

ముఠాదారు ఇల్లు ఊరి పైన మెట్ట మీద ఉంది. మా కోసం రెండు కుర్చీలు వేసి ఉంచాడు. తను అరుగు మీద కూర్చున్నాడు. పంతులుగారు ప్రశ్నలు మొదలుపెట్టారు. ఎవరి బలవంతమూ లేకుండా అడుగుతున్నావా? అవును. వేరే లాభం ఏదైనా ఆశించా? లేదు. ఇంట్లో అభ్యంతరం? ఆ ప్రశ్నకు ఆయన లోపలికి చూసి తల్లిని పిలిచాడు.

ముసలావిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో సగం వొలిచిన కందికాయలున్నాయి. అభ్యంతరం సంగతి ఆవిడకు పట్టలేదు. నావైపు తిరిగి అడిగింది.

“ఏటి బాబూ, ఆ బంగళాలో మా గుంటడికి కుర్సీ యేత్తారేటి? కూకోమంటారా?”

వేస్తారమ్మా అన్నాను.

“దొర పక్కనేనా?”

“పక్కనేనమ్మా.”

“ఈడి అయ్య కచేరీలో నిలబడీ నిలబడీ కాళ్లు వాసిపోయి పోనాడు. ఈడైనా కూకోవాల. బేగి రాసీండి బాబూ.”

అలా చెప్పి కందికాయలు వొలుచుకుంటూ లోపలికి పోయింది. ఆవిడ దృష్టిలో విచారణ అయిపోయింది. కొడుకు తల వంచుకుని అరుగు మీది పగులు చూస్తున్నాడు. ఆయనకు కావలసింది ఏమిటో ఆ క్షణం దాకా ఎవరూ పైకి అనలేదు. తల్లి అనేసింది.

పంతులుగారు అసలు ప్రశ్న వేశారు. సృష్టికర్తను నమ్ముతావా?

ముఠాదారు నాలాగా హాజరు పలకలేదు. పంతులుగారు కంగారుపడి నావైపు చూశారు. తరవాత ముఠాదారు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పైనున్న ఆయన ఒకడున్నాడని తమవాళ్లంతా అంటారట. కొండల్నీ మనుషుల్నీ చేసి, పని అయిపోయిందని ఎటో వెళ్లిపోయాడట. ఆయనకు గుడి లేదు, కోడి లేదు, అడిగేదీ లేదు. ఉన్నాడు మాత్రం ఉన్నాడు. ఇక్కడ మంచిచెడ్డలు అడిగేది నేలతల్లి. ఆవిడకు జవాబు చెప్పుకోవాలి. ఇంతే నాకు తెలిసింది, దీన్ని నమ్మకం అంటారో లేదో మీరే చెప్పాలి అన్నాడు.

పంతులుగారి ముఖం వెలిగింది. ఇది సాక్షాత్తూ నిర్గుణోపాసన అన్నారు. ముఠాదారు వెయ్యేళ్లుగా వేదాంతి అని ఆయన ఆ నిమిషంలోనే తేల్చారు. ఇక చివరి ప్రశ్న మిగిలింది, ఏ పుస్తకం మీద ప్రమాణం చేస్తావు? గీత పెట్టించనా అని ఆయనే సూచించారు.

“గీత ఇంగ్లీషులో చదివానండి. బైబిలు బడిలో సగం కంఠతా వచ్చింది. రెండూ మంచి పుస్తకాలే,” అన్నాడు ముఠాదారు. “కాని పంతులుగారూ, ఆ పుస్తకాల మీద చెయ్యి వేసి నేను అబద్ధం చెప్పగలను. పులితోలు మీద చెప్పలేను. మీకు నా మాట నిజంగా కావాలంటే తోలు పరవండి,” అన్నాడు.

కింద ఊళ్లో ఎవరో రోట్లో చోళ్లు దంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. ముఠాదారు నావైపు తిరిగి, మీరు దేని మీద చేశారండీ అని అడిగాడు. గీత మీద అన్నాను. చేసినప్పుడు భయమేసిందా అన్నాడు. లేదు అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అడగకుండా ఉండడంలో ఆయన చాలా నేర్పరి.

తిరిగి వస్తూ దారిలో పంతులుగారు డోలీలోంచి తల బయటపెట్టి, ఆ తోలు మాట కాగితం మీద పెట్టకు అన్నారు. “మంచివాడోయ్. నమ్మకం ఉంది. అది రాయి, చాలు. పులీ గిలీ అంటే దొరలు బెదురుతారు. పుస్తకం సంగతి అప్పుడు చూసుకుందాం.” వ్యాఘ్రచర్మం మన పూజల్లోనూ ఉన్నదేనని కూడా ఆయనే అన్నారు. అది మాత్రం తనలో తను అనుకున్నట్టు అన్నారు. నేను రాయలేదు. నాక్కూడా అదే తేలిక. ఆ వాక్యం కాగితం మీద పెడితే, పుస్తకాల మీద అబద్ధం చెప్పగలిగినవాళ్లు ఇంకెవరెవరున్నారో లాడ్జిలో లెక్క తీయాలనిపించవచ్చు. మొదటి పేరు నాదే అవుతుంది.

ఓటింగు రోజున ఘాట్ దిగి వెళ్లాను. ముప్పై మంది దాకా ఉన్నాం. అధ్యక్షస్థానంలో ఉన్నది ఒక ఇంజనీరు దొర. నిదానస్తుడు, న్యాయంగా ఉండాలని నిజంగా తాపత్రయపడేవాడు. మా విచారణ కాగితం చదివించి, బాగుంది, మరి ఏ పుస్తకం పెట్టాలి అని అడిగాడు. మిషనువైపు నుంచి వచ్చిన ఒక సభ్యుడు, మా బడిలో చదివినవాడు కాబట్టి బైబిలే అన్నాడు. ఇంకొకాయన, పుట్టుకకు గీతే న్యాయం అన్నాడు. ఒకరిద్దరు ఇటూ ఒకరిద్దరు అటూ చేరారు. ముఠాదారు లేనిచోట ఆయన ఆత్మకు అంత గిరాకీ ఉందని నాకు అప్పుడే తెలిసింది. అంతలో దొర సుత్తితో బల్ల మీద కొట్టాడు. లాడ్జిలో మతచర్చ నిషిద్ధం. అది మా నియమాల్లోకెల్లా గట్టి నియమం. ఒక మనిషికి మతం ఉందో లేదో తేల్చకుండా చేర్చుకోకూడదు, తేల్చడానికి మాట్లాడకూడదు. ఇరుక్కుపోయాం.

దొర నావైపు తిరిగి, నువ్వు కొండల్లో ఉంటావు కదా, వాళ్ల ఆచారం ఏమిటో చెప్పు అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ముఠాదారు చెప్పిన ఆ వాక్యం నాలుక చివర ఉంది. ఇంగ్లీషులోకి మార్చి కూడా పెట్టుకున్నాను. ఒక్క నిమిషం పని. కాని నా ముందు పీఠం ఉంది, దాని మీద గీత ఉంది, చుట్టూ నలుగురు చదువుకున్నవాళ్ల ముఖాలున్నాయి. నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. నిజం చెప్పడానికి ఇబ్బంది కలిగినచోట చమత్కారం వస్తుంది. వాళ్లు పులితోలు మీద ప్రమాణం చేస్తారండి అన్నాను. మా కచేరీ తోలు సంగతి వర్ణించాను. తోక లేదన్నాను. చెవి చిమ్మటలు తిన్నాయన్నాను. ఆ పులి బతికుంటే తనమీద జరుగుతున్న ప్రమాణాలకు భయపడి ఒరిస్సా వెళ్లిపోయేదన్నాను. పంతులుగారు కళ్లతో వద్దంటున్నారు. నేను ఆగలేదు. అనంతగిరి వైపు కాఫీ మొక్కలు వేయిస్తున్న దొర ఒకాయన నవ్వుతూ దగ్గాడు, దగ్గుతూ నవ్వాడు. అధ్యక్షుడు కూడా నవ్వాడు. గొర్రెతోళ్లు కట్టుకుని కూర్చున్న ముప్పై మందీ పులితోలుకి నవ్వారు. నేను కూర్చున్నాను. అంత బాగా మాట్లాడింది లాడ్జిలో నేను ఎన్నడూ లేదు. చెప్పవలసిన మాట నాలుక చివరే ఉండిపోయింది.

తరవాత ఓట్ల పెట్టె తిరిగింది. చేతికి తెల్లగుండూ నల్లగుండూ ఇస్తారు. పెట్టెకు ముందు ఒక గొట్టం, లోపల ఏమి పడుతోందో పక్కవాడికి కనబడదు. అన్నీ తెల్లవే పడితే మనిషి లోపలికి వస్తాడు. ఒక్క నల్లది పడితే రాడు. తీసి చూస్తే ఒక్క నల్లది ఉంది.

చేతితొడుగుల వల్ల పొరపాటున పడిందేమో అని మళ్లీ తిప్పడం ఆచారం. అధ్యక్షుడు మళ్లీ తిప్పించాడు. ఈసారి అందరూ తొడుగులు తీసి వేశారు. మళ్లీ ఒక్క నల్లది. పొరపాటు కాదు. ఎవరు వేశారో అడగకూడదు, వేసినవాడు చెప్పకూడదు, ఎందుకు అని ఎవరూ అనుకోకూడదు. భోజనాలకు లేచాం. అందరూ అన్నదమ్ముల్లాగే ఉన్నారు. కాఫీ తోటల దొర నా భుజం తట్టి, పులి సంగతి ఇంకోసారి చెప్పమన్నాడు. పంతులుగారు ఎప్పటిలాగే సోడా, రెండు అరటిపళ్లు తీసుకుని, నాతో మాట్లాడకుండా తిన్నారు. నాకు ఆ రోజు వంట రుచించలేదు. వంటలో లోపమేమీ లేదు.

ఫలితం దరఖాస్తుదారుకు చెప్పే పని కూడా విచారించినవాడిదే. ముఠాదారు కచేరీకి వచ్చిన రోజు మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్లాక చెప్పాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ముందు కుర్చీ చూపించి కూర్చోమన్నాను. దొర కుర్చీ అది.

“ఇప్పుడెవరూ లేరు కదండీ. కూర్చుంటే ఏం లాభం?” అన్నాడు.

కుదరలేదు అని చెప్పాను. నియమం ప్రకారం కారణం చెప్పకూడదని కూడా చెప్పాను. ఆయన తల ఊపాడు. కిటికీలోంచి పసుపుపచ్చని వలిసెపూల చేల వైపు తిరిగాడు. తరవాత, ఒక్క నల్లగుండు పడితే చాలట కదా అన్నాడు. అవును అన్నాను.

“అది మీరు వేశారా, ట్రాన్స్‌లేటరు గారూ?”

లేదు అన్నాను. నిజమే చెప్పాను. కాని ఎప్పుడూ చెప్పే గొంతుతో చెప్పాను. నిజానికీ అబద్ధానికీ నాది ఒకటే గొంతైతే తేడా ఆయనకెలా తెలుస్తుంది? ఆయన నా బల్ల పక్కకు వచ్చి, రేకుపెట్టె మూత తీసి, తోలు బయటికి లాగి నేల మీద పరిచాడు. చిమ్మట తిన్న చెవిని వేళ్లతో సరిచేశాడు. పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఎన్ని వందలమంది చేత ఆ తోలు మీద చెయ్యి పెట్టించానో నాకే తెలియదు. నేను ఎప్పుడూ పెట్టలేదు. ఇదేం నాటకం అని నవ్వేద్దామనుకున్నాను. మంచి చమత్కారం ఒకటి సిద్ధంగా కూడా ఉంది. కిందికి వంగాను, ఎందుకో తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెట్టాను. వెంట్రుకలు బిరుసుగా ఉన్నాయి. ఎండిన తోలు కింద నేల చల్లదనం తెలుస్తోంది. పులి లేదని నాకు తెలుసు. ఉన్నా తోక లేని పులి అని తెలుసు. అయినా నా గొంతు సన్నబడింది.

“నల్లగుండు నేను వేయలేదు,” అన్నాను. అక్కడితో ఆపవచ్చు. ఆపలేకపోయాను. “కాని మీరు చెప్పిన మాట అక్కడ చెప్పలేదు. చెప్పమని దొర అడిగాడు. నేను ఈ తోలు గురించి చెప్పి నవ్వించాను.”

“ఎంతమంది నవ్వారు?”

“అందరూ.”

“మీరు?”

“నవ్వించేవాడు నవ్వకూడదు,” అన్నాను. అది కూడా నిజమే. ఇంకొకటి మిగిలింది. అది ఆయన అడగలేదు, అయినా వచ్చేసింది. “నన్ను దేవుణ్ణి నమ్ముతావా అని అడిగినప్పుడు నమ్ముతానన్నాను. నమ్మకం లేదు. ఇప్పటికీ తెలియదు.”

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. వస్తే నాకు తేలిగ్గా ఉండేది.

“అయితే నల్లగుండు మీకు పడాల్సిందండీ,” అన్నాడు. ఆయన నా ఎదుట నవ్వడం అదే మొదటిసారి. పెద్ద నవ్వేమీ కాదు.

ఇద్దరం కలిసి తోలు మడిచి పెట్టెలో పెట్టాం. అమ్మగారికి ఏం చెబుతారు అని అడిగాను. వెళ్లేముందు గుమ్మంలో ఆగి చెప్పాడు.

“నాకే ఇష్టం లేకపోయిందని చెబుతాను. ఇంట్లో తోలు పరవరు కదండీ.”

నల్లగుండు ఎవరు వేశారో ఇప్పటికీ నాకు తెలియదు. బైబిలు కావాలన్నాయన కావచ్చు, గీత కావాలన్నాయన కావచ్చు, కాఫీ దొర కావచ్చు. నా చమత్కారం వినకముందే నిశ్చయించుకున్నవాడు కావచ్చు. విన్నాక నిశ్చయించుకున్నవాడైతే మాత్రం ఆ గుండులో సగం నాది. దేవుడున్నాడో లేదో అని నేను చదివిన పుస్తకాలన్నీ రెండు వైపులా బాగానే వాదించాయి. ఒకడి మాట నిజం అవడానికి పైన ఒకడుండాలా, కింద నేల ఉంటే చాలా అన్న ప్రశ్న వాటిలో దేనిలోనూ కనబడలేదు. లాడ్జికి తరవాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. పీఠం మీద గీత ఎప్పటిలాగే చల్లగా ఉండేది. ఘాట్‌లో జ్వరం అని ఒకసారి మానేశాను, జ్వరం లేకుండా ఇంకోసారి మానేశాను, ఆ తరవాత కారణం రాయడం కూడా మానేశాను.

ఆ ఏడు చలికాలం దొర క్యాంపుకి వచ్చాడు. ముఠాదార్లను పిలిపించారు. ఈయన ఎప్పటిచోటే నిలబడ్డాడు. ధోవతి కొత్తది, తల నున్నగా దువ్వుకున్నాడు. దొర ఇంగ్లీషులో మొదటి ప్రశ్న అడిగాడు. నేను లేచి నిలబడి తెలుగులో చెప్పాను. ఆయన మర్యాదగా ఆగి జవాబిచ్చాడు. జవాబు చెప్పాక నేను కూర్చోవాలి. కూర్చోలేదు. రెండో ప్రశ్నకూ నిలబడ్డాను, మూడోదానికీ నిలబడ్డాను. గంటన్నర అయ్యేసరికి మోకాళ్లు నొప్పెట్టాయి. వాళ్ల నాన్నగారి కాళ్లు వాయడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో మనసులో లెక్క వేస్తున్నాను. ముఠాదారు నావైపు చూడలేదు. కాని ఆ రోజు జవాబులు మామూలుకంటే పొట్టిగా చెప్పాడు, నా కాళ్ల కోసం కాబోలు.

చివరికి దొర కలం కింద పెట్టి నా స్టూలు వైపు చూశాడు.

“ఏమైంది ట్రాన్స్‌లేటర్? మూలశంకా?” అన్నాడు ఇంగ్లీషులో.

ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చవలసిన అవసరం లేకపోయింది. ముఠాదారుకు అర్థమైంది. పెదవి చివర ఏదో కదిలింది.

“చిత్తం, అవునండి,” అన్నాను.

అది అబద్ధమే. కాని తోలున్న రేకుపెట్టె మూసే ఉంది.